శ్రీలంకలో ఊరి నుంచి ఊరికి: రైలా, బస్సా, డ్రైవర్‌తో వ్యానా?

నర్సాపురం_లేసు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్యగారు, మామయ్యగారు, మా అమ్మ, మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప. త్రింకోమలిలో శాంకరీదేవిని చూడాలని అత్తయ్యగారికి ఎన్నాళ్లనుంచో కోరిక. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పేది ఆవిడనే కదా. మిగతా పీఠాలు చాలావరకు చూసేశారు, ఇదొక్కటి సముద్రం అవతల ఉండిపోయింది. ఆ దర్శనం చేయించడమే మా అసలు పని. దాంతోపాటు సిగిరియ, క్యాండీ, నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి, ఎల్ల, వీలైతే కతరగామ, గాల్.

ట్రావెల్స్ అతను దిగిన రోజు నుంచి ఎక్కే రోజు దాకా ఒకటే వ్యాన్ అంటున్నాడు. మావారు మాత్రం లంక వెళ్లి రైలెక్కకపోతే ఎలా, అన్నీ రైళ్లలోనే తిరుగుదాం అంటారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అత్తయ్యగారికి ఘాట్ రోడ్డు ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అక్కడ తిరిగినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ దారికి ఏది మంచిదో చెప్పండి. యూట్యూబ్‌లో అందరూ ఎల్ల దగ్గరున్న ఆ తొమ్మిది కమానుల రైలు వంతెన దగ్గర ఫొటోలే చూపిస్తున్నారు గానీ, పెద్దవాళ్లతో ఎలా వెళ్లాలో ఒక్కరూ చెప్పట్లేదు.

ఓరుగల్లు_బిడ్డ (హనుమకొండ)

అక్కా, వ్యాన్‌కు అన్ని పైసలు ఎందుకు పెడ్తరు? లంక మొత్తం బస్సులల్ల తిరగొచ్చు. మేం దోస్తులం పోయినప్పుడు బస్సులనే తిరిగినం. ప్రతి పది నిమిషాలకు ఒకటి ఉంటది, రిజర్వేషన్ లొల్లి లేదు, చెయ్యెత్తితె ఆపుతరు. ఎర్ర బస్సులు సర్కారువి, మన ఆర్టీసీ లెక్క. మిగిలినయి ప్రైవేటువి. కండక్టర్ తలుపుల నిలబడి ఊరి పేరు ఒర్రుతనే ఉంటడు, ఆ పేరు ఇని ఎక్కుడే.

కొలంబో_తెలుగు (వెల్లవత్త, కొలంబో)

నేను కొన్నేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తిప్పడం అలవాటే. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొట్టమొదట, మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి లెక్క వేసుకోకండి, గంటలు చూడండి. ఇక్కడ అందరూ పొరపడేది ఆ లెక్కలోనే. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లు. మన హైవే మీదైతే రెండు గంటల్లోపు మాట. ఇక్కడ మూడు గంటల పైనే పడుతుంది. రోడ్డు బాగానే ఉంటుంది, గుంతలుండవు, కానీ రెండే వరసలు. పొడుగునా ఊళ్లే, ముందు లారీ వెళ్తుంటే దాని వెనకే మనమూ. ఎక్స్‌ప్రెస్ వేలు కొన్నే ఉన్నాయి. కొలంబో నుంచి దక్షిణాన గాల్, మాతర మీదుగా మత్తల దాకా ఒకటి, విమానాశ్రయానికి ఒకటి, ఊరి చుట్టూ తిరిగే అవుటర్ ఒకటి, మీరిగమ నుంచి కురునేగల దాకా ఒక ముక్క. మిగతా దేశమంతా నిదానమే. అందుకని రోజుకు ఒక్క ప్రయాణం, అదీ నాలుగు గంటలు దాటకుండా పెట్టుకుంటే పెద్దవాళ్లు హాయిగా ఉంటారు.

ఇంకొకటి. విమానాశ్రయం కొలంబోలో లేదు. ఊరికి ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల పైన, కటునాయకలో ఉంది. మీరు వెళ్లాల్సిన త్రింకోమలి, సిగిరియ కూడా ఉత్తరం, తూర్పు వైపే. దిగగానే కొలంబో ట్రాఫిక్‌లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దేనికి? రాత్రి విమానమైతే పక్కనే నెగొంబోలో పడుకుని, పొద్దున్నే కురునేగల మీదుగా దంబుల్ల వెళ్లిపోండి. కొలంబో చివర్లో చూసుకోవచ్చు.

వ్యానా రైలా అన్నదానికి నా మాట: ఆరుగురు, పైగా ముగ్గురు పెద్దవాళ్లు కాబట్టి వ్యాన్ ఉండాల్సిందే. అయితే వ్యాన్ ఉంది కదా అని రైలు వదులుకోవద్దు. రెండు చోట్ల రైలెక్కండి. నాను ఓయ (నువర ఎలియకు దగ్గరి స్టేషన్) నుంచి ఎల్ల వరకు ఒకసారి, గాల్ నుంచి కొలంబో వరకు ఒకసారి. ఎందుకో తర్వాత రాస్తాను, ఆఫీసు టైమైంది.

రైలుబండి (గుంతకల్లు)

నేనొప్పుకోను. కొండ రైలును అలా ముక్క చేసి చూపించకండి. ఆ లైను మొత్తం ఒక కథ. 1864లో కొలంబో నుంచి అంబేపుస్స దాకా మొదటి రైలు నడిచింది. 1867కి క్యాండీ చేరింది. లైను చివరి ఊరు బదుల్ల చేరేసరికి 1924. కాఫీ దించడానికి మొదలుపెట్టిన లైను అది. కాఫీ తోటలు తెగులొచ్చి పోయాక టీ దించింది. కొండల్లోకి మీటర్ గేజీయో చిన్న గేజీయో వేయకుండా, మన దేశంలో లాగే అయిదున్నర అడుగుల బ్రాడ్ గేజీనే పైదాకా తీసుకెళ్లారు. పట్టిపొల స్టేషన్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రాడ్ గేజీ అంత ఎత్తుకు ఎక్కడం అరుదు. దెమోదర దగ్గర రైలు ఒక చుట్టు తిరిగి, సొరంగంలో దూరి, తను పైన దాటొచ్చిన స్టేషన్ కిందుగానే బయటికొస్తుంది. రైలంటే ఇష్టమున్నవాళ్లు క్యాండీలో ఎక్కి ఎల్ల దాటి దెమోదర, బదుల్ల దాకా పోవాల.

కొలంబో_తెలుగు

రైలుబండి గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ క్యాండీ నుంచి ఎల్లకు ఆరేడు గంటలు. సీటు దొరక్కపోతే ఆరేడు గంటలు నిలబడాలి. మోకాళ్లు నొప్పులున్న పెద్దాయనతో ఆ పందెం కట్టలేం. నాను ఓయ నుంచి ఎల్ల మూడు గంటల ప్రయాణం. పట్టిపొల, ఒహియ, ఇదల్‌గషిన్న, హపుతలె, బండారవెల అన్నీ ఆ మూడు గంటల్లోనే వస్తాయి. లోయలు, మబ్బులు, తోటలు ఏదీ తప్పిపోదు. మీ దెమోదర చుట్టు, ఎల్ల దాటాక వచ్చే ఆ తొమ్మిది కమానుల వంతెన మాత్రం మిగిలిపోతాయి.

పైగా ఇందులో ఇంకో సుఖముంది. మిమ్మల్ని నాను ఓయ స్టేషన్‌లో దింపి, డ్రైవర్ సామానంతా వేసుకుని రోడ్డు మీద ఎల్లకు వచ్చేస్తాడు. మీరు చేతిసంచీతో రైలెక్కితే చాలు. అత్తయ్యగారికి ఆ ఘాట్ రోడ్డూ తప్పుతుంది.

రిజర్వేషన్ సంగతి. శ్రీలంక రైల్వే సొంత వెబ్‌సైట్‌లో ప్రయాణానికి 30 రోజుల ముందు తెరుస్తారు. కొండ రైళ్లకు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఫస్ట్ క్లాస్ ఏసీ పెట్టెకు కిటికీలు తెరుచుకోవు. చల్లగా కూర్చుని అద్దంలోంచి చూడటమే. గాలి తగలాలన్నా, పాప తోటలు బాగా చూడాలన్నా సెకండ్ క్లాస్ రిజర్వ్‌డ్ మంచిది. దొరక్కపోతే థర్డ్ క్లాస్ రిజర్వ్‌డ్ కూడా చాలు, సీటు ఉండటం ముఖ్యం. రిజర్వేషన్ లేని టికెట్ అప్పటికప్పుడు కౌంటర్‌లో ఎంతమందికైనా ఇస్తారు. అందుకే ఆ పెట్టెలు కిక్కిరిసి ఉంటాయి. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి, టికెట్‌తో పాటు అడుగుతారు.

ఇంకో విషయం గట్టిగా చెప్తున్నాను. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను వచ్చినప్పుడు కొండచరియలు విరిగిపడి ఈ లైను చాలా చోట్ల దెబ్బతింది. టికెట్ కొనేముందు రైలు ఆ రోజుల్లో ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో రైల్వేవాళ్లనే అడిగి తెలుసుకోండి. ఒకవేళ నడవకపోతే ఎలాగూ వ్యాన్ మీ దగ్గరే ఉంటుంది. నేను వ్యాన్ ఉండాలనడానికి ఇదీ ఒక కారణం.

సీమ_సైకిల్ (అనంతపురం)

రైలు తలుపు దగ్గర నిలబడి వేలాడుతూ ఫొటో దిగేది చాలా ఫేమస్ కదా, అది చెప్పలేదేం?

రైలుబండి

వద్దు. దయచేసి వద్దు. ఆ లైన్‌లో కొండను తొలిచి పట్టాలు వేశారు. రాయి, సొరంగం గోడ, చెట్టు కొమ్మ పెట్టెకు జానెడు దూరంలో ఉంటాయి. అట్లా వేలాడి తల కొట్టుకుని, జారిపడి యాత్రికులు చనిపోయారు. కిటికీ పక్క సీటులో కూచుని చూసినా అవే కొండలు కనిపిస్తాయి.

పాదయాత్రి (రాజమహేంద్రవరం)

అమ్మా, నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మా ఇంటావిడతో శాంకరీదేవి దర్శనానికి వెళ్లొచ్చాను కాబట్టి ఆ ఒక్క విషయం చెబుతాను.

అమ్మవారి గుడి కోణేశ్వరాలయం ప్రాంగణంలోనే ఉంది. త్రింకోమలి ఊళ్లో ఫ్రెడరిక్ కోట అని ఉంది, ఆ కోట గుమ్మంలోంచి లోపలికి వెళితే చివర స్వామి మల అనే కొండ. మూడు వైపులా సముద్రం. పూర్వపు మహాలయాన్ని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువారు పడగొట్టి, ఆ రాళ్లతోనే కోట కట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్న గుడి. కోట లోపల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి, పాపకు సరదాగా ఉంటుంది. చివరి కాస్త దూరం కొట్ల మధ్య నుంచి ఎక్కుడు దారి. పెద్దలకు ఇబ్బందే గాని అసాధ్యం కాదు. ఎండెక్కకముందే వెళ్లండి, రాతి నేల కాళ్లు కాలుస్తుంది. వ్యాన్ ఆపిన చోటి నుంచి గుడి దాకా ఊరి ఆటో మాట్లాడుకుంటే మామయ్యగారికి నడక తగ్గుతుంది.

ఒకటే మనవి. ఉదయం సిగిరియ నుంచి బయలుదేరి దర్శనం చేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేలా పెట్టుకోవద్దు. ఆ తల్లి కోసమే కదా సముద్రం దాటి వెళుతున్నారు. ఒక రాత్రి అక్కడ ఉండండి. సాయంత్రం పూజ చూడండి, మళ్లీ పొద్దున వెళ్లండి.

నర్సాపురం_లేసు

మాస్టారూ, చదువుతుంటే అత్తయ్యగారి కళ్లు చెమర్చాయి. తప్పకుండా ఒక రాత్రి ఉంటాం.

మావారి ప్రశ్న: కొలంబో నుంచి త్రింకోమలికి రాత్రి రైలుందట కదా, అందులో పడుకుని వెళ్తే పగలు కలిసిరాదా?

రైలుబండి

రాత్రి రైలుంది. కొలంబో ఫోర్ట్‌లో ఎక్కితే తెల్లారేసరికి త్రింకోమలి. కానీ మన స్లీపర్‌ను మనసులో పెట్టుకుని వెళ్లొద్దని మీవారికి చెప్పండి. చాలా వరకు కూచునే సీట్లే. పెద్దవాళ్లు రాత్రంతా కూచుని, పొద్దున్నే దర్శనానికి పోవాలంటే కష్టం.

ఆ లైన్‌లో ఏనుగుల సమస్య కూడా ఉంది. మహవ దాటాక గల్ఓయ వైపు అడవి. రాత్రిపూట గుంపులు పట్టాలు దాటుతుంటాయి. 2025 ఫిబ్రవరిలో హబరణ దగ్గర ఒక రైలు కింద పడి గుంపులో చాలా ఏనుగులు చచ్చిపోయినాయి. చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ దారిలో రైళ్లు నిదానంగా నడపాల్సిందే, ఆలస్యమైతే అవనీ. మీకు టైం ముఖ్యమైతే వేరే దారి చూసుకోండి.

కొలంబో_తెలుగు

రాత్రి రైలు కోసం మళ్లీ కొలంబో రావాలి. మీ దారికి అది కుదరదు. దంబుల్ల లేదా సిగిరియలో దిగి, అక్కడి నుంచి హబరణ, కంతలె మీదుగా వ్యాన్‌లో త్రింకోమలి వెళ్లండి, రెండు, రెండున్నర గంటలు. ఈ శ్రీలంకలో నాకు బాగా నచ్చిన రోడ్డు అది. నేరుగా, చదునుగా, ఇరువైపులా అడవితో ఉంటుంది. అత్తయ్యగారికి కడుపులో తిప్పే మలుపులే ఉండవు. చీకటి పడకముందే ఆ దారి దాటేయండి, సాయంత్రమైతే ఏనుగులు రోడ్డెక్కుతాయి.

తర్వాత త్రింకోమలి నుంచి క్యాండీ. ఆ రోజు కొంచెం పొడుగు ప్రయాణం. దంబుల్లలో భోజనానికి ఆగండి. మాతలెలో ముత్తుమారియమ్మ గుడి రోడ్డు పక్కనే ఉంది, అక్కడ కాసేపు దిగితే కాళ్లకు విశ్రాంతి.

క్యాండీ నుంచి నువర ఎలియకు రెండు దార్లు, ఒకటి రంబొడ మీదుగా, రెండోది హట్టన్ మీదుగా. రంబొడ దారి ఎంచుకోండి. చిన్మయ మిషన్ వాళ్ల భక్త హనుమాన్ గుడి అక్కడే. మలుపులు మాత్రం చాలా ఉంటాయి. అత్తయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, బయలుదేరేముందు కడుపు నిండా పెట్టొద్దు. సీతమ్మ గుడి నువర ఎలియ దాటాక బదుల్ల రోడ్డు మీద, హగ్గల తోట దగ్గర ఉంది. నాను ఓయ స్టేషన్ ఇంకో వైపు. కాబట్టి ముందురోజు సాయంత్రమే సీతమ్మను చూసుకుని మర్నాడు రైలెక్కండి.

ఓరుగల్లు_బిడ్డ

సరే అన్నా, ఆరుగురు, పెద్దోళ్లు అంటున్నరు కాబట్టి వ్యాన్ ఒప్పుకుంటున్న. కానీ ఈ ముచ్చట చదివేటోళ్లల్ల ఒంటరోళ్లు, దోస్తులు చాలామంది ఉంటరు. వాళ్ల కోసం బస్సు ముచ్చట రాస్త.

కొలంబోల బస్సులన్నీ ఫోర్ట్ స్టేషన్ దగ్గర పేట్టలనే ఉంటయ్. సర్కారు స్టాండు ఒకటి, ప్రైవేటు బస్సులది బాస్టియన్ మావత అని ఇంకోటి. నంబరు యాదుంటె చాలు. క్యాండీకి 1, త్రింకోమలికి 49, కతరగామకు 32, విమానాశ్రయానికి 187. ఎక్స్‌ప్రెస్ వే మీద గాల్, మాతర పొయ్యే ఏసీ బస్సులు మాత్రం పేట్టల దొరకయ్, కొట్టావ దగ్గర మాకుంబుర స్టాండుకు పోవాలె. మామూలు బస్సు కొలంబో నుంచి గాల్‌కు మూడు గంటలు తీస్తది, ఎక్స్‌ప్రెస్ వే బస్సు గంటంబావుల దించుతది.



ముందు రెండు సీట్లు సాధువులకు. మీద రాసే ఉంటది. బౌద్ధ భిక్షువు ఎక్కితె లేవాలె, అది వాళ్ల మర్యాద, మనం గౌరవించాలె. పెద్ద సూట్‌కేసులకు జాగ ఉండదు. డ్రైవర్ పక్కన పెట్టమంటరు, లేకుంటె ఇంకో సీటు టికెట్ కొట్టిస్తరు. బ్యాక్‌ప్యాక్ ఒకటి అయితె బస్సు రాజమార్గం.

తెనాలి_అమ్మాయి (చెన్నై)

బస్సు గురించి అమ్మాయిల తరఫున నేనూ రాస్తాను. నేను ఒక్కదాన్నే తిరిగొచ్చాను. పగటిపూట బస్సుల్లో సాయం చేసేవాళ్లే ఎక్కువ. దిగాల్సిన చోటు కండక్టర్ గుర్తుపెట్టుకుని మరీ చెప్పాడు. కానీ కిక్కిరిసిన బస్సులో నిలబడాల్సి వస్తే చేతులు తగిలించేవాళ్లు అక్కడా ఉన్నారు, మన సిటీ బస్సుల్లో ఉన్నట్టే. ఆడవాళ్ల పక్క సీటే చూసుకోండి. బస్సు నిండిపోయి ఉంటే వదిలేసి తర్వాతది ఎక్కండి, ఎలాగూ వెంటనే ఇంకోటి వస్తుంది. చీకటి పడ్డాక కొండ దారి బస్సు మాత్రం ఎవరికీ చెప్పను. 2025లోనే మేలో కొత్మలె దగ్గర, సెప్టెంబరులో ఎల్ల, వెల్లవాయ దారిలో బస్సులు లోయల్లో పడి చాలామంది పోయారు.

ఆటోల సంగతి. కొలంబోలో, క్యాండీలో పిక్‌మీ అనే ఆప్‌లో ఆటో పిలవండి, కొలంబోలో ఉబర్ కూడా ఉంది. రేటు ముందే కనబడుతుంది, బేరం బాధ లేదు. ఎల్ల లాంటి చోట్ల ఆప్ బండ్లు అంతగా దొరకవు, ఎక్కేముందే మాట్లాడుకోవాలి. మీరు బస చేసిన ఇంటివాళ్లను అడిగితే న్యాయమైన రేటెంతో చెప్తారు. కొండ ఊళ్లలో, ఉత్తరాన, తూర్పున తమిళం వచ్చినవాళ్లకు పని సులువు. నా చెన్నై తమిళం త్రింకోమలిలో చక్కగా పనికొచ్చింది.

సీమ_సైకిల్

అన్నా, మేం ముగ్గురం ఫ్రెండ్స్. సొంతంగా టుక్ టుక్ అద్దెకు తీసుకుని నడుపుకోవచ్చంట. నిజమేనా? మన లైసెన్స్ చాలా?

కొలంబో_తెలుగు

నిజమే, చాలామంది విదేశీయులు అలా తిరుగుతున్నారు. మన లైసెన్సూ, అంతర్జాతీయ పర్మిట్టూ ఉన్నంత మాత్రాన చాలదు. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక అనుమతి కూడా ఉండాలి. అంతకుముందు దీనికోసం వేరహెరలో మోటారు వాహనాల ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చేది. 2025లో విమానాశ్రయంలోనే కౌంటర్ పెట్టారు, అక్కడ టుక్ టుక్‌కూ ఇస్తారో లేదో అడిగి చూడండి. అద్దెకిచ్చేవాళ్లు అన్నీ మేం చూసుకుంటాం అంటారు. కాగితం మీ చేతికొచ్చి, అందులో మీ పేరు చూసుకున్నాకే బండి తీయండి. అది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పైసా రాదు. ఎడమ పక్క నడపడం మనలాగే. ఎదురొచ్చే ప్రైవేటు బస్సులకు మాత్రం దారి వదిలేయండి.

అనురాధపుర, పొలొన్నరువ వైపు చదును నేలలో టుక్ టుక్ హాయిగా ఉంటుంది. నువర ఎలియ ఎక్కుడు దారిలో ముగ్గురు, సామాను అంటే ఇంజను మూలుగుతుంది. బుత్తల నుంచి కతరగామ దారిలో అసలే వద్దు. అక్కడ అడవి ఏనుగులు రోడ్డుకు అడ్డంగా నిలబడి పళ్లు పెడితే గానీ బండ్లను కదలనివ్వవు. పెద్ద బండిలో ఉన్నవాళ్లకే భయం వేస్తుంది. మీరెవరూ పళ్లు పెట్టకండి, అలా పెట్టబట్టే వాటికి ఆ అలవాటైంది.

నెల్లూరు_మొలగొలుకులు (నెల్లూరు)

విమానం కాకుండా ఓడలో పోవచ్చని విన్నాను. మా తాతగారి కాలంలో చెన్నైలో బోట్ మెయిల్ ఎక్కితే ధనుష్కోడిలో ఓడ మారి లంకలో దిగేవారట. ఇప్పుడు అలాంటిదేమైనా ఉందా?

రైలుబండి

బోట్ మెయిల్ పేరెత్తారు, సంతోషం. ఎగ్మూరులో ఎక్కి, ధనుష్కోడిలో ఓడ ఎక్కి, తలైమన్నారులో దిగి మళ్లీ రైలెక్కి కొలంబో. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి ఊరూ, రైల్వే లైనూ కొట్టుకుపోయాక ఆ దారి పోయింది.

ఇప్పుడు నాగపట్నం నుంచి కంకేశంతురైకి ఓడ ఉంది. 2023 అక్టోబరులో మొదలైంది, కొన్నాళ్లకే ఆగి 2024 ఆగస్టులో మళ్లీ నడిచింది. దాదాపు నాలుగు గంటలు. వానాకాలంలో సముద్రం బాగుండదని ఆపేస్తారు. కాబట్టి నడుస్తోందో లేదో చూసుకుని, తిరుగు ప్రయాణానికి ఇంకో దారి కూడా మనసులో ఉంచుకుని బయలుదేరండి.

కంకేశంతురైలో దిగితే జాఫ్నా పక్కనే. జాఫ్నా నుంచి కొలంబోకు రైలుంది, యాళ్ దేవి అని. ఆ లైను చూస్తే మనసు బరువెక్కుతుంది. అక్కడి అంతర్యుద్ధంతో 1990లో ఆగిపోయింది. పట్టాలు, స్లీపర్లు పీకి బంకర్లకు వాడుకున్నారు. మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వాళ్లు మళ్లీ వేశాక 2014 అక్టోబరులో జాఫ్నాకు రైలొచ్చింది. ఇరవై నాలుగేళ్లు రైలు చూడని ఊరు. లంకలో నడిచే డీజిల్ రైళ్లలో కొన్ని చెన్నై పెరంబూరులో మన రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైనవి. ఎక్కితే మన బండే అనిపిస్తుంది.

నర్సాపురం_లేసు

అందరికీ చాలా థాంక్స్. వ్యాన్ మాట్లాడుకునేటప్పుడు ఏమేమి అడగాలి? మొదట చెప్పిన అతను రోజుకింత అంటున్నాడు, ఏం కలిసుందో స్పష్టంగా చెప్పట్లేదు. గాల్‌లో వ్యాన్ వదిలేసి రైల్లో కొలంబో వెళ్తే డబ్బు తగ్గిస్తారా?

కొలంబో_తెలుగు

మీ ఆరుగురికి ఇక్కడ కేడీహెచ్ అంటారు, ఆ టయోటా వ్యాన్ అడగండి. చిన్న కార్లు రెండు తీసుకోవద్దు. వ్యాన్ మెట్టు పెద్దలకు ఎత్తవుతుంది, చిన్న పీట ఒకటి ఉంచమంటే ఉంచుతారు.

అడగాల్సినవి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు కలిసున్నాయి, పైన ప్రతి కిలోమీటరుకు ఎంత. డీజిల్, ఎక్స్‌ప్రెస్ వే టోలు, పార్కింగు అందులోనేనా. డ్రైవర్ భోజనం, బస ఎవరిది. చాలా హోటళ్లలో డ్రైవర్లకు వేరే గది ఉంటుంది, చిన్న గెస్ట్‌హౌస్‌లలో ఉండదు. అతను రాత్రి బండిలో పడుకుంటే మర్నాడు మిమ్మల్ని ఘాట్ రోడ్డు మీద తీసుకెళ్లాలి, అందుకని గది ఉందో లేదో ముందే తెలుసుకోండి. బండికి ప్రయాణికుల ఇన్సూరెన్స్ ఉందా. డ్రైవర్‌కు టూరిజం శాఖ లైసెన్స్ ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

దారిలో మసాలా తోటలు, రత్నాల కొట్లు, బాటిక్ కొట్ల దగ్గర ఆపుతారు. అక్కడ కొంటే డ్రైవర్‌కు కమిషన్ వస్తుంది. మొదటి రోజే మర్యాదగా, మాకు కొట్లు వద్దు, ఆ సమయం గుళ్లకు కావాలి అని చెప్పేయండి. చివర్లో బాగా చూసుకున్నాడనిపిస్తే చేతిలో మంచి టిప్పు పెట్టండి, అతనికి అది న్యాయం.

గాల్‌లో వదిలేస్తే ఖాళీగా తిరిగెళ్లే ఖర్చు ఎలాగూ వేస్తారు, కాబట్టి డబ్బు తగ్గుతుందని అనుకోకండి. కతరగామ నుంచి గాల్ వచ్చిన రాత్రి అక్కడ ఉండి, మర్నాడు వ్యాన్ సామానుతో ఎక్స్‌ప్రెస్ వేలో కొలంబో వచ్చేస్తుంది, మీరు రైల్లో రండి. ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. కొన్ని చోట్ల అలలు పట్టాలకు అంత దగ్గరగా వస్తాయి. పొద్దున్నే ఆఫీసులకు వెళ్లేవాళ్ల రైలు ఎక్కొద్దు, పదింటి తర్వాతది చూడండి. పెరలియ దగ్గర 2004 సునామీలో రైలు కొట్టుకుపోయి వెయ్యి మందికి పైగా చనిపోయిన చోటు దారిలోనే వస్తుంది. పాపకు చెప్పాలనిపిస్తే చెప్పండి.

తెనాలి_అమ్మాయి

లేసు గారూ, ఒక్క మాట. మీది శాకాహార కుటుంబమైతే రైల్లో, బీచ్ దగ్గర అమ్మే వడలు చూడగానే కొనకండి. ఇస్సో వడ అంటే రొయ్యలు పెట్టిన వడ. మీకు కావాల్సింది పరిప్పు వడ, అది పప్పు వడే, కారంగా బాగుంటుంది. అడిగి తీసుకోండి.

పాదయాత్రి

తేదీలు ఖాయం చేసేముందు పున్నమి ఎప్పుడో చూడమ్మా. పున్నమిని అక్కడ పోయ అంటారు, ప్రతి నెలా ఆ రోజు దేశమంతా సెలవు. ఆ రోజూ, దాని ముందువెనకలా రైళ్లు, బస్సులు, అనురాధపుర, క్యాండీలో బుద్ధుడి దంత మందిరం అన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రోజు త్రింకోమలిలో ఉండేలా పెట్టుకుంటే మీకు ప్రయాణమే ఉండదు.

నర్సాపురం_లేసు

మాస్టారూ, చూశాను. మొదట వేసుకున్న లెక్కలో సరిగ్గా పున్నమి నాడు నాను ఓయ రైలు పడుతోంది. తేదీలన్నీ జరుపుతున్నాం, పున్నమికి త్రింకోమలిలోనే ఉంటాం. వ్యాన్ అతనికి పైన రాసిన ప్రశ్నలన్నీ పంపాను, టోలు, డ్రైవర్ బస కలిపి కొత్త రేటు రేపు చెప్తానన్నాడు. కొలంబో అన్నా, నాను ఓయ నుంచి రైలు నడుస్తోందో లేదో మేం అడగడానికి ఫోర్ట్ స్టేషన్ నంబరే కావాలా, ఇంకెక్కడైనా చెప్తారా?

కొలంబో_తెలుగు

రైళ్ల సమాచారం 1919లో అడగొచ్చు, అది ప్రభుత్వ సమాచార కేంద్రం నంబరు. అది ఇక్కడి ఫోన్ నుంచే పనిచేస్తుంది, అక్కడి నుంచి తగలదు. రిజర్వేషన్ తెరిచే రోజు దగ్గరపడ్డాక ఇక్కడే ఒక మాట రాయండి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు రోజూ ఫోర్ట్ మీదుగానే వెళ్తాను, కౌంటర్‌లో అడిగి చెప్తాను.